యూనివర్సిటీ ఆర్ట్ మ్యూజియంలో పాఠం: సిలబస్ నుంచి మార్కుల దాకా

ఆర్ట్ మ్యూజియానికి విద్యార్థుల్ని తీసుకెళ్లే తరగతులు చాలావరకు ఒకే తీరులో దెబ్బతింటాయి. నలభై మంది, ఒక గంట, ఐదు గదులు. ముందు నడిచే అధ్యాపకుడి మాట వెనక ఉన్నవాళ్లకు వినపడదు. ఒక్కో బొమ్మ ముందు నిమిషమో రెండు నిమిషాలో ఆగి, పక్కనున్న లేబుల్ చదివి, ఫొటో తీసుకుని కదిలిపోతారు. బయటికొచ్చాక ఏం చూశారని అడిగితే లేబుల్ మీదున్న పేరు, తేదీ చెబుతారు. ఆ రెండూ తరగతి గదిలో స్లైడ్ వేసి చెప్పగలిగినవే.

మ్యూజియంలో చెప్పే పాఠం అసలు వస్తువు ఎదురుగా లేకపోతే సాగనిదై ఉండాలి. స్లైడ్‌లో ఏమేం పోతాయో ముందు ఆలోచించండి. కొలత పోతుంది: అరచేతిలో పట్టే బొమ్మా గోడంత బొమ్మా తెర మీద ఒకే సైజులో కనిపిస్తాయి. రంగు పూత మందం, కుంచె గీతలు, కాగితం వెనక వైపు, పురుగు తిన్న చిల్లులు, అతుకులు, పాత మరమ్మతులు, బరువు, ఇవన్నీ పోతాయి. మీరు అడగబోయే ప్రశ్నకు జవాబు వీటిలో ఒక్కదాని మీదైనా ఆధారపడితే మ్యూజియానికి వెళ్లండి. లేకపోతే స్లైడే మేలు, ప్రయాణ సమయం మిగులుతుంది.

వస్తువులు, ఉపన్యాసం, ప్రయోగశాల ఒకే కప్పు కింద ఉండాలన్న ఆలోచన పాతదే. 1683లో ఆక్స్‌ఫర్డ్‌లో యాష్మోలియన్ మ్యూజియం తెరిచినప్పుడు పై అంతస్తులో సేకరణ, దాని కింద ప్రకృతి శాస్త్ర పాఠాల గది, నేలమాళిగలో రసాయన ప్రయోగశాల ఉండేవి. యూనివర్సిటీ మ్యూజియానికి ఈనాటికీ ఉన్న అసలు బలం అదే. సేకరణలో గోడ మీదికెక్కేది కొద్ది భాగమే. మిగతాదంతా నిల్వ గదుల్లో ఉంటుంది, అడిగితే అందులోంచి తీసి అధ్యయన గదిలో బల్ల మీద పెడతారు. చాలామంది అధ్యాపకులకు ఈ సంగతి తెలియక గోడ మీదున్నవాటితోనే సరిపెట్టుకుంటారు.

ముందు ప్రశ్న, తర్వాత వస్తువు

"మా కోర్సుకు పనికొచ్చే బొమ్మలేమైనా ఉన్నాయా?" అని అడిగితే మ్యూజియం వాళ్లు సరైన జవాబు ఇవ్వలేరు. "రంగు వెలిసిపోవడం వెనకున్న రసాయన చర్యను చూపించాలి" అనో, "ఒక సరుకు ఖండాలు దాటిందనడానికి ఆనవాలు కావాలి" అనో అడిగితే మీరు ఊహించని వస్తువు నిల్వలోంచి బయటికొస్తుంది. కళాచరిత్ర విభాగానికి మ్యూజియం విలువ ఎవరూ చెప్పక్కర్లేదు. ఇంకా వాడుకోనిది మిగతా విభాగాలే.

రసాయన శాస్త్రానికి మంచి ఉదాహరణ అమెరికన్ చిత్రకారుడు మార్క్ రోత్కో హార్వర్డ్ యూనివర్సిటీ కోసం కాన్వాస్ మీద వేసిన కుడ్యచిత్రాలు. 1964లో వాటిని పెద్ద కిటికీలున్న ఒక భోజనశాలలో పెట్టారు. ఆయన వాడిన లిథాల్ రెడ్ అనే రంగుపదార్థం వెలుతురుకు తట్టుకోలేనిది. ఎరుపు వెలిసిపోయింది, 1979 నాటికి చిత్రాలను తీసేయాల్సి వచ్చింది. 2014లో హార్వర్డ్ ఆర్ట్ మ్యూజియమ్స్ వాటిని మళ్లీ చూపించినప్పుడు కాన్వాస్ మీద కొత్త రంగు వేయలేదు. పోయిన రంగుకు సమానమైన రంగు కాంతిని ప్రొజెక్టర్‌తో చిత్రం మీద ఎక్కడికక్కడ లెక్కగట్టి వేశారు. ఏ మ్యూజియంలోనైనా దీనికి చిన్న రూపం దొరుకుతుంది. చట్రం అంచు కింద దాగిన కాగితానికీ, వెలుతురు తగిలిన కాగితానికీ మధ్య గీత గీసినట్టు తేడా ఉన్న నీటిరంగు చిత్రాన్ని అడగండి. కాంతి రసాయన చర్య మీద ఒక పీరియడ్ ఆ గీత చుట్టూ నడుస్తుంది.

వాణిజ్య చరిత్ర చెప్పేవాళ్లకు ప్రష్యన్ బ్లూ ఉంది. 18వ శతాబ్దం మొదటి దశకంలో బెర్లిన్‌లో పుట్టిన ఈ కృత్రిమ నీలం, 1831 ప్రాంతంలో జపాన్ చిత్రకారుడు హొకుసాయి అచ్చువేయించిన కనగావా పెద్ద అల ముద్రణలో కనిపిస్తుంది. ఒక రంగు ఏ దారిన, ఎవరి చేతుల మీదుగా అంత దూరం వెళ్లిందన్న ప్రశ్నకు ఆ కాగితమే మొదటి సాక్ష్యం. అదే అచ్చుదిమ్మెతో తీసిన రెండు ప్రతులు పక్కపక్కన పెట్టగలిగితే ఇంకా మంచిది. దిమ్మె అరిగేకొద్దీ గీతలు తెగుతాయి, ఆకాశపు రంగు ప్రతికీ ప్రతికీ మారుతుంది. ఏది ముందు ప్రతి, ఏది తర్వాతిది అని విద్యార్థులు తమంతట తామే వాదించుకుంటారు.

గణితంలో, సమతలం మీద అన్ని వైపులా మళ్లీ మళ్లీ వచ్చే నమూనాల సౌష్ఠవ సమూహాలు (తిప్పినా, జరిపినా, అద్దంలో చూసినా నమూనా మారకుండా ఉండే తీరులు) సరిగ్గా 17 అని చెప్పే పాఠానికి నేత బట్టలు, పలకల ముక్కలు తెప్పించండి. చేత్తో చేసిన నమూనాలో సౌష్ఠవం ఎక్కడో ఒకచోట తప్పుతుంది. దాన్ని లెక్కలోకి తీసుకోవాలా వద్దా అన్న చర్చే అసలు గణితం. న్యాయశాస్త్రం, నీతిశాస్త్రం తరగతులకు వస్తువు చేతులు మారిన చరిత్రే పాఠ్యం: ఫైల్‌లో, సాంస్కృతిక వస్తువుల అక్రమ రవాణాను అడ్డుకునే 1970 నాటి యునెస్కో ఒడంబడికకు ముందు వెనకల ఏ కాగితాలున్నాయి, ఎక్కడ ఖాళీ ఉంది? గణాంక శాస్త్రం తరగతికి బొమ్మకంటే కేటలాగే ముఖ్యం. చేరిన సంవత్సరం, కొలతలు, పదార్థం, దాత అన్న గడులున్న అసలు పట్టిక అది. విడిచిపెట్టిన గడులు, రెండు పద్ధతుల్లో రాసిన తేదీలు, అంగుళాలు సెంటీమీటర్లు కలగాపులగమైన కొలతలు అన్నీ ఉంటాయి. డేటా శుభ్రం చేయడం నేర్పడానికి ఇంతకంటే నిజాయితీ గల సరుకు దొరకదు.

వైద్య విద్యలో ఈ పద్ధతికి చరిత్ర ఉంది. అమెరికాలోని యేల్ యూనివర్సిటీలో చర్మవైద్యుడు ఇర్విన్ బ్రేవర్‌మన్, మ్యూజియం విద్యా విభాగానికి చెందిన లిండా ఫ్రీడ్‌లాండర్ కలిసి వైద్య విద్యార్థులను చిత్రాల ముందు నిలబెట్టి, అర్థం చెప్పే ముందు కనిపించినదంతా వర్ణించమన్నారు. వాళ్ల పరిశీలన మెరుగుపడిందని చూపిన ఫలితాలు 2001లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో వచ్చాయి. అక్కడ పని చేసింది చిత్రం గొప్పదనం కాదు. పేరు పెట్టేయకముందు చూడటం అనే క్రమశిక్షణ.

మ్యూజియానికి రాయడం, వస్తువులు ఎంచుకోవడం

తరగతి తేదీకి 6 నుంచి 8 వారాల ముందు రాయండి. ఎన్నాళ్ల ముందైనా రాయొచ్చు గానీ, 2 వారాల ముందు రాస్తే మీకు మిగిలేది గోడ మీదున్నవే. నిల్వలోంచి వస్తువు రావాలంటే మ్యూజియం రిజిస్ట్రార్ (వస్తువుల రికార్డులు, రాకపోకలు చూసే అధికారి) అనుమతి, వస్తువు పరిస్థితిని చూసే కన్జర్వేటర్ మాట, మోసుకొచ్చే మనుషుల సమయం కలిసిరావాలి. బోధన కార్యక్రమాలు చూసే క్యూరేటర్ ఉంటే ఆయనకో ఆమెకో రాయండి, లేకపోతే విద్యా విభాగానికి. ఉత్తరంలో ఇవి ఉండాలి: కోర్సు పేరు, విద్యార్థుల సంఖ్య, రెండు ప్రత్యామ్నాయ తేదీలు, ఎంతసేపు, ఏ ప్రశ్నకు జవాబు వెతుకుతున్నారు, ఆ తరగతిలో విద్యార్థులు ఏం చేస్తారు. చివరిదాన్ని చాలామంది వదిలేస్తారు. విద్యార్థులు బొమ్మ గీస్తారా, కొలుస్తారా, జంటలుగా మాట్లాడుకుంటారా అన్నదాన్ని బట్టే గది, బల్లలు, ఈజిళ్లు, కుర్చీలు ఏర్పాటు చేస్తారు.

ఆన్‌లైన్ కేటలాగ్‌లో 12 నుంచి 15 వస్తువులు ఎంచి, ఒక్కోదాని పక్కన దాని ప్రవేశ సంఖ్య (సేకరణలో చేరినప్పుడు మ్యూజియం వస్తువుకు ఇచ్చే నంబరు) రాసి పంపండి. పేరు మాత్రం రాస్తే ఒకే పేరున్న నాలుగు ముద్రణల్లో ఏదో తెలియక వారం వృథా అవుతుంది. జాబితాలో కొన్ని అప్పుగా వేరేచోటికి వెళ్లి ఉంటాయి, కొన్ని మరమ్మతులో ఉంటాయి, కొన్నిటిని కదపడానికి నలుగురు మనుషులు కావాలి. మిగిలినవాటిని తరగతికి ముందు మీరే వెళ్లి చూడండి. ఈ ఒక్క పనీ మానకండి. తెర మీద స్పష్టంగా కనిపించిన సన్న గీత అసలు కాగితం మీద అద్దం మెరుపుకు కనిపించకపోవచ్చు. తెర మీద సాదాగా ఉన్న బొమ్మ ఎదురుగా చూస్తే కదలనీయకపోవచ్చు. చూశాక 3, మహా అయితే 5 మిగిలించండి. 75 నిమిషాలకు అంతకంటే ఎక్కువ పట్టవు.

వెలుతురు కోటా అనే మాట ఈ సంప్రదింపుల్లో తరచుగా వస్తుంది. దాని లెక్క తెలిస్తే మ్యూజియంతో మాట్లాడటం తేలికవుతుంది. నీటిరంగులు, రంగు అచ్చులు, పట్టు వంటి వెలుతురుకు తట్టుకోలేని వస్తువులకు 50 లక్స్ (వస్తువు మీద పడే వెలుతురును కొలిచే ప్రమాణం) మించకూడదు, ఏడాదికి మొత్తం 15,000 లక్స్-గంటలు మించకూడదు అన్నది అంతర్జాతీయంగా వాడుకలో ఉన్న పరిమితి. అంటే 50 లక్స్ దగ్గర 300 గంటలు. రోజుకు 8 గంటల చొప్పున వారానికి 6 రోజులు 13 వారాలు గోడ మీద ఉంచితే 624 గంటలు, అంటే 31,200 లక్స్-గంటలు: రెండేళ్ల కోటా ఖర్చయిపోయినట్టే. అందుకే అలాంటి చిత్రం "సెమిస్టరంతా గోడ మీద ఉంచండి" అంటే కుదరదంటారు. అదే అధ్యయన గదిలో 50 లక్స్ దగ్గర 75 నిమిషాల తరగతికి ఖర్చు సుమారు 63 లక్స్-గంటలే. కాబట్టి ప్రదర్శన అడక్కండి, అధ్యయన గదిలో చూపించమనండి. తైలవర్ణ చిత్రాలకు 200 లక్స్ వరకు ఇబ్బంది ఉండదు కనుక అవి ఎక్కువ కాలం గోడ మీదే దొరుకుతాయి.

ఎంతమంది

బల్ల మీద పెట్టిన చిన్న ముద్రణ చిత్రాన్ని ఒకేసారి సరిగ్గా చూడగలిగేది నలుగురైదుగురే. దీన్నుంచే మిగతా లెక్కంతా వస్తుంది. మూడు వస్తువులు, మూడు బల్లలు, 15 మంది. అధ్యయన గదికి ఇది పై హద్దు అనుకోండి. ఎక్కువమంది చేరితే చూపు అందదు, పైగా చిన్న గదిలో ఊపిరి తేమ పెరుగుతుంది. ఆ తేమ కాగితానికి, చెక్కకు మంచిది కాదు.

30 మంది ఉంటే రెండు జట్లు చేయండి: ఒక జట్టు అధ్యయన గదిలో, ఇంకోటి గ్యాలరీలో ఒకే బొమ్మ ముందు, సగం సమయానికి మారాలి. గ్యాలరీ జట్టుకు కూడా ఒక మనిషి కావాలి. కాగితం చేతికిచ్చి వదిలేస్తే చెదిరిపోతారు. 60, 100 మంది తరగతులకు అందరినీ ఒకేసారి తీసుకెళ్లే ఆలోచన మానండి. వారం రోజుల పాటు విద్యార్థి తన వీలునుబట్టి వెళ్లి గోడ మీదున్న ఒక బొమ్మతో చేసే అసైన్‌మెంట్ ఇవ్వండి. ఆ బొమ్మ ఆ వారం అక్కడే ఉంటుందని మ్యూజియంతో రాతపూర్వకంగా ఖాయం చేసుకోండి, గ్యాలరీ కాపలా సిబ్బందికి కూడా ముందే చెప్పించండి.

చేతులు, పెన్సిళ్లు, సంచులు

నియమాలను విద్యార్థులకు కారణంతో సహా ముందు రోజే పంపండి. పెన్ను ఎందుకు వద్దంటే సిరా చుక్క కాగితంలోకి ఇంకితే తీయడం దాదాపు అసాధ్యం, పెన్సిల్ గీతను తుడవచ్చు. భుజానికి తగిలించుకునే సంచి వెనక్కి తిరిగినప్పుడు చట్రానికి తగులుతుంది, అందుకే లాకర్‌లో పెట్టాలి. మెడలో వేలాడే గుర్తింపు కార్డు వంగినప్పుడు బొమ్మ మీద పడుతుంది, చొక్కా లోపలికి పెట్టుకోమనండి. బొమ్మలోని ఒక చోటు చూపించాలంటే వేలు చాపకూడదు, మాటలతో చెప్పాలి: "ఎడమ కింది మూల నుంచి బెత్తెడు పైన". మొదట్లో చిరాగ్గా అనిపించే ఈ నియమం వర్ణనను ఎంతో పదును చేస్తుంది.

చేతి తొడుగుల విషయంలో చాలామందికి అపోహ ఉంది. కాగితాన్ని కడిగి ఆరబెట్టిన ఉత్త చేతులతో పట్టుకోవడమే సాధారణంగా సురక్షితం, తొడుగుతో స్పర్శ తగ్గి అంచు చిరుగుతుంది. లోహాలకు, ఫొటోలకు మాత్రం నైట్రిల్ అనే కృత్రిమ రబ్బరు తొడుగులు కావాలి, వేళ్ల మీది ఉప్పు, జిడ్డు వాటిని తినేస్తాయి. ఏది ముట్టుకోవచ్చో, అసలు ముట్టుకోవచ్చో లేదో సిబ్బంది చెప్పినట్టే చేయాలి. పక్కవాటుగా టార్చి వేసి కుంచె గీతలు, కాగితం ముడతలు చూపించడం గొప్ప పాఠం. టార్చి సిబ్బంది చేతిలోనే ఉండాలి, వాళ్లను ముందే అడగాలి.

75 నిమిషాలు ఎలా గడపాలి

రాకపోకలకు పోయే సమయాన్ని ముందే తీసేయండి. తరగతి ఉన్న భవనం నుంచి నడక 10 నిమిషాలైతే మీకు నిజంగా ఉన్నది 55 నిమిషాలే, దాన్ని దాచుకోకండి. నేరుగా మ్యూజియం ద్వారం దగ్గరే కలవమనడం తేలిక.

మొదటి 10 నిమిషాలు సంచులు, నియమాలు, కూర్చోవడం. లేబుళ్లు కప్పి ఉంచమని సిబ్బందిని ముందే కోరండి. కనిపిస్తే కళ్లు అక్కడికే పోతాయి, చదివినదాన్నే చూశామనుకుంటారు.

తర్వాత 10 నిమిషాలు మౌనంగా చూడటం, పెన్సిల్‌తో కనిపించినవి రాసుకోవడం లేదా గీయడం. మూడో నిమిషానికి గది ఇబ్బందిగా కదులుతుంది. ఐదో నిమిషానికి "అయిపోయింది" అన్న ముఖాలు కనిపిస్తాయి. అధ్యాపకులు ఎక్కువగా ఓడిపోయేది ఇక్కడే, నిశ్శబ్దం భరించలేక నోరు విప్పేస్తారు. విప్పకండి. కొత్త సంగతులు కనపడటం మొదలయ్యేది ఆ విసుగు దాటాకే. హార్వర్డ్ కళాచరిత్ర ఆచార్యురాలు జెనిఫర్ రాబర్ట్స్ తన విద్యార్థులను ఒకే కళాఖండం ముందు 3 గంటలు గడపమంటారు. 1765లో అమెరికన్ చిత్రకారుడు కాప్లీ వేసిన ఉడుతతో బాలుడి చిత్రాన్ని తానే అలా చూసినప్పుడు, బాలుడి చెవి ఆకారం ఉడుత పొట్ట అంచు ఆకారాన్నే పోలి ఉందని గమనించడానికి 9 నిమిషాలు పట్టిందని ఆమె చెప్పారు. చూడటంలో ఆరితేరిన కంటికే అంత పడితే, రెండు నిమిషాల చూపుతో విద్యార్థి నుంచి ఏమీ ఆశించలేం.

తర్వాతి 20 నిమిషాలు వర్ణన. మనస్తత్వవేత్త అబిగెయిల్ హౌసెన్, మ్యూజియం విద్యావేత్త ఫిలిప్ యెనవైన్ రూపొందించిన పద్ధతిలో మూడే ప్రశ్నలుంటాయి: ఈ చిత్రంలో ఏం జరుగుతోంది? అలా అనడానికి మీకేం కనిపించింది? ఇంకేం కనిపిస్తోంది? రెండో ప్రశ్నే ప్రాణం. "ఆమె బాధగా ఉంది" అన్న విద్యార్థిని "ఎక్కడ కనిపించింది?" అని అడగండి. "భుజాలు వాలిపోయాయి, చూపు చేతుల మీద ఉంది" అన్నప్పుడు అభిప్రాయం ఆధారంగా మారుతుంది. ప్రతి మాటను మీరు తిరిగి చెప్పండి, మెచ్చుకోకండి. ఒకరిని "బాగుంది" అంటే మిగతావాళ్లు అదే బాటలో జవాబులు వెతుకుతారు.

అయితే ఈ పద్ధతితోనే ఆగిపోతే కాలేజీ పాఠం కాదు. ఎంత చూసినా లిథాల్ రెడ్ పేరు చిత్రంలో కనపడదు. కాబట్టి 40వ నిమిషం దగ్గర సమాచారం ఇవ్వండి, ఒకేసారి కుమ్మరించకుండా మూడు విడతలుగా: ముందు పదార్థం, కొలత, తర్వాత తేదీ, చోటు, చివర ఎవరు ఎవరి కోసం చేశారు. ఒక్కో విడత తర్వాత "ఇప్పుడు ఇంతకుముందు చెప్పినదాంట్లో ఏం మారింది?" అని అడగండి. సమాచారం చూపును ఎలా మారుస్తుందో విద్యార్థి తన కళ్లతోనే గమనిస్తాడు. ఇదంతా 20 నిమిషాలు.

ఇంకో 10 నిమిషాలు రెండో వస్తువుతో పోలిక. చివరి 5 నిమిషాలు కచ్చితంగా రాతకు ఉంచండి: ఇంకా జవాబు దొరకని ఒక ప్రశ్న రాసి ఇవ్వాలి. సమయం మించిపోతే పోలికను వదులుకోండి గానీ ఈ రాతను వదలకండి. తర్వాతి తరగతి దీంతోనే మొదలవుతుంది.

ముందే చెప్పాల్సినవి

హింస, నగ్నత్వం, మానవ అవశేషాలు, ఒక సమాజానికి పూజనీయమైన వస్తువులు ఉంటే వారం ముందే విద్యార్థులకు చెప్పి, ప్రత్యామ్నాయ వస్తువు సిద్ధంగా ఉంచండి. ఎక్కువసేపు నిలబడలేనివాళ్లకు మడత కుర్చీలు అడగండి, బహుశా అందరికీ అడగటమే మంచిది. కూర్చున్నవాళ్లు ఎక్కువసేపు చూస్తారు. చక్రాల కుర్చీలో ఉన్నవాళ్లకు బల్ల ఎత్తు, చూపు తక్కువున్నవాళ్లకు పెద్దది చేసిన ప్రింట్ లేదా తాకదగిన నమూనా ముందే సిద్ధం చేయించాలి. వర్ణన అందరి ముందూ గట్టిగా జరిగే తరగతి చూపులేని విద్యార్థికి కూడా నిజంగా పనికొస్తుంది. వాళ్లు అడిగే "అంటే ఎలా ఉంది?" అన్న ప్రశ్న మిగతావాళ్ల వర్ణనను సరిదిద్దుతుంది.

అసైన్‌మెంట్, మార్కులు

"మ్యూజియం సందర్శనపై మీ అనుభవం రాయండి" అన్న అసైన్‌మెంట్ ఇవ్వకండి. కేటలాగ్ నుంచి ఎత్తిరాసిన పేరా, చివర ఒక మెచ్చుకోలు వస్తాయి. వెళ్లకుండానే రాయగలిగిన పని అది. బదులుగా రెండు భాగాలు అడగండి. మొదట 400 పదాల వర్ణన: చిత్రకారుడి పేరు, బొమ్మ పేరు, తేదీ, "అందమైన" వంటి విశేషణాలు నిషిద్ధం. తర్వాత 600 పదాల వాదన: వర్ణనలో పేర్కొన్న కనీసం మూడు వివరాల మీద నిలబడాలి, అవసరమైనచోట చదివినవాటి ఆధారం కలపాలి. మొదటి భాగంలో లేని వివరం రెండోదాంట్లో కొత్తగా వస్తే మళ్లీ మ్యూజియానికి వెళ్లి మొదటిది సవరించుకోమనండి.

మార్కులు వర్ణనకు సగం, వాదనకు సగం ఇవ్వండి. వర్ణనకు తక్కువ ఇస్తే దాన్ని చివరి రాత్రి రాసేస్తారు. దిద్దేటప్పుడు ఒక పరీక్ష చాలు: ఈ రాతను ఫొటో చూసి రాయగలరా? కొలత, పూత, అంచు, వెనక వైపు, చూసే కోణం మారితే మారే మెరుపు, వీటిలో ఏదీ లేకపోతే వాళ్లు అసలు వస్తువును వాడుకోలేదు.

లేబుల్ రాయించడం కూడా మంచి పని. 80 పదాలు, అంతకు మించకూడదు, విషయం తెలియని సందర్శకుడికి అర్థం కావాలి. మూడు సార్లైనా తిరగరాయకుండా అది కుదరదు. మ్యూజియం వాటిని నిజంగా గోడ మీద పెట్టడానికి ఒప్పుకుంటే సంపాదకత్వానికి, రూపకల్పనకు కనీసం నెల పడుతుంది. సెమిస్టర్ చివరి వారంలో మొదలుపెట్టకండి.

తరగతి అయ్యాక

వాడిన వస్తువుల ప్రవేశ సంఖ్యలు, ఏది పనిచేసింది, ఏది చేయలేదు, ఏ ప్రశ్న దగ్గర చర్చ ఆగింది అన్నవి ఆ రోజే రాసుకోండి. ఆ జాబితా మ్యూజియానికి కూడా పంపండి. వాళ్ల రికార్డుల్లో వస్తువు పక్కన మీ కోర్సు పేరు చేరుతుంది, వచ్చే ఏడాది ఇంకో విభాగం అడిగినప్పుడు అది కనిపిస్తుంది. విద్యార్థుల రాతల్లో మంచివి రెండు మూడు వాళ్ల అనుమతితో క్యూరేటర్‌కు ఇవ్వండి. కేటలాగ్‌లో లేని వివరాన్ని, తప్పుగా పడిన కొలతను విద్యార్థులు పట్టుకోవడం అరుదు కాదు, దాన్ని రిజిస్ట్రార్‌కు చేరవేయండి. అదే వస్తువులు వచ్చే సెమిస్టర్‌కు మళ్లీ కావాలంటే ఇప్పుడే చెప్పండి. వెలుతురు కోటా, వేరేచోటికి అప్పుగా వెళ్లే వస్తువుల జాబితా ఏడాది ముందే నిర్ణయమైపోతాయి.